ఆరు నెలలు కదలని స్కూటరుకు చేయించిన సర్వీసు: షెడ్డు పని, చార్జరు, కవరు మీద సమీక్ష

2025 మే మొదటి వారంలో నేనూ మా ఆవిడా డాలస్‌లో ఉన్న అమ్మాయి పురుటికి వెళ్లి, మనవరాలికి ఐదో నెల వచ్చేదాకా అక్కడే ఉండి, నవంబరు మొదటి వారంలో విశాఖపట్నం తిరిగి వచ్చాము. అన్నాళ్లు ఇంటికి తాళం వేసి వెళ్లేవారు చేసుకునే ఏర్పాట్లు అందరికీ తెలిసినవే. గ్యాస్ రెగ్యులేటరు తీసేస్తాము, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచుతాము, పాలవాడికీ పేపరు అబ్బాయికీ చెప్తాము. సెల్లార్‌లో ఉన్న స్కూటరు మాత్రం ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం గుర్తుకొస్తుంది. అప్పటికి సమయం ఉండదు కనుక దాని మీద ఒక కవరు కప్పి వెళ్లిపోతాము. గతంలో రెండు సార్లు నేనూ అలాగే చేసి, తిరిగి వచ్చాక రెండు సార్లూ కొత్త బ్యాటరీ కొన్నాను. ఈసారి వారం ముందే మేలుకుని, మా వీధి చివర ఉన్న మెకానిక్ షెడ్డులో పని చేయించి, రెండు వస్తువులు కొని, ఆ మూడింటి ఫలితాన్నీ ఆరు నెలల తరువాత చూశాను.

నా బండి 2021లో కొన్న యాక్టివా 6జి, అంటే బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలకు తగ్గట్టు, కార్బొరేటర్ బదులు పంపూ ఇంజెక్టరూ పెట్రోలు చిమ్మే ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి. మేముండేది ఎంవీపీ కాలనీలో. సముద్రపు గాలి తగిలే చోటు కావడం వల్ల ఇక్కడ గేటు గొళ్లేల దగ్గరనుంచి సైకిలు చువ్వల దాకా ఇనుమన్నది ఏదైనా తొందరగా తుప్పు పడుతుంది. పైగా మేము ఊళ్లో లేని ఆరు నెలలూ మే ఎండలు, నాలుగు నెలల వర్షాకాలం, ఆపైన అక్టోబరు తుపాన్ల కాలం. మెట్ట ప్రాంతాల్లో, ఉదాహరణకు అనంతపురంలోనో కర్నూలులోనో, ఇదే పని చేయించేవారికి ఇంత జాగ్రత్త అవసరం ఉండకపోవచ్చు.

షెడ్డు యజమానికి విషయం చెప్పగానే ఆయన ఇచ్చిన మొదటి సలహా, "ఆరు నెలలే కదా మాస్టారూ, వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చెయ్యమనండి, ఏమీ అవ్వదు" అని. ఈ సలహా మన ఊళ్లలో ఎంత పాతుకుపోయిందంటే, దీనికి ఎదురు చెప్పినవాడు పిసినారిగానో చాదస్తుడిగానో కనిపిస్తాడు. కాని పెట్రోలు మండినప్పుడు పొగతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. రెండు నిమిషాల్లో సైలెన్సరు పూర్తిగా వేడెక్కదు కనుక ఆ ఆవిరి లోపలే నీరుగా మారి నిలిచిపోయి, సైలెన్సరును లోపలినుంచి తినేస్తుంది. ఇంజను ఆయిల్‌లోనూ కొంత తేమ చేరుతుంది. సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఖర్చు పెట్టిన శక్తి ఆ రెండు నిమిషాల ఐడ్లింగ్‌లో తిరిగి రాదు కాబట్టి, వారం వారం బ్యాటరీ కొంచెం కొంచెంగా కుంగిపోతుంది. స్టార్ట్ చేస్తే కనీసం పావుగంట రోడ్డు మీద నడపాలి, అలా నడిపేవారు లేకపోతే అసలు ముట్టుకోకుండా ఉంచాలి. ఇదంతా చెప్పినప్పుడు ఆయన విసుక్కోకుండా విని, "సరే, ఏమేం చెయ్యాలో కాగితం మీద రాసివ్వండి" అన్నారు. నా దృష్టిలో ఈ షెడ్డుకు పడిన మొదటి మంచి మార్కు అదే.

పెట్రోలు విషయంలో మాత్రం మా ఇద్దరికీ కొంత చర్చ జరిగింది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలని ఆయన, నిండుగా నింపాలని నేను. ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడికి గాలి వ్యాకోచించి బయటకు పోతుంది, రాత్రి చల్లబడ్డాక బయటి తడిగాలి లోపలికి వస్తుంది, ఇలా రోజుకొకసారి ట్యాంకు ఊపిరి పీల్చి వదులుతూనే ఉంటుంది. ఆ తేమను ఇథనాల్ తన శక్తి మేరకు కలుపుకుంటుంది. హద్దు దాటితే నీరూ ఇథనాలూ ఒకటై పెట్రోలునుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి, ఫ్యూయెల్ పంపు పీల్చుకునేది సరిగ్గా ఆ అడుగునుంచే. ట్యాంకు నిండుగా ఉంటే గాలికి చోటు తక్కువ, కనుక ఈ ముప్పూ తక్కువ. పోనీ పూర్తిగా ఖాళీ చేద్దామంటే, ఇది రేకు ట్యాంకు. తడిగాలికి లోపలి గోడలు తుప్పు పట్టి ఆ పొట్టు పంపు జల్లెడను మూసేస్తుంది. కార్బొరేటర్ బండ్ల సంగతి వేరు. వాటికి కార్బొరేటర్ అడుగున ఉండే గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలు ఆవిరై, జిగురు మాత్రం మిగిలి, సన్నని జెట్లను మూసేస్తుంది. అందుకే ఆ గిన్నె కింది స్క్రూ వదులు చేసి పెట్రోలు దింపేయడం తప్పనిసరి. ఆయన అనుభవమంతా ఆ బండ్ల మీద వచ్చినది కాబట్టి ఖాళీ చేయమన్నారు, అందులో ఆయన తప్పు లేదు.

చివరకు 5.3 లీటర్ల ట్యాంకును నింపించాను. నిండుగా అంటే మూతి అంచు దాకా కాదు. వేడికి పెట్రోలు పొంగడానికి కొంత జాగా ఉండాలి. పైగా ఈ తరం బండ్లలో ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది, ఎక్కువ పోయిస్తే పెట్రోలు దానిలోకి దిగి దాన్ని పాడు చేస్తుంది. బంకు కుర్రాడు రౌండ్ ఫిగరు కోసం ఇంకో ఇరవై రూపాయలది పోస్తానంటే ఆపవలసి వచ్చింది. అప్పటికి లీటరు 108 రూపాయల పైచిలుకు ఉన్న ఊళ్లో ఐదు వందల రూపాయల పెట్రోలును ఆరు నెలలు ఊరికే ఉంచడం కొందరికి నచ్చకపోవచ్చు కాని, పంపు మార్చే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. ఇథనాల్ పెట్రోలు చెడకుండా కలిపే స్టెబిలైజరు షెడ్డులో లేదు, ఆయన దాని పేరే వినలేదు. నేనే ఆన్‌లైన్‌లో 350 రూపాయలకు చిన్న సీసా తెప్పించి, సీసా మీద ఉన్న కొలత ప్రకారం ట్యాంకులో కలిపి, ఆ మందు కలిసిన పెట్రోలు ఇంజెక్టరు దాకా చేరేలా బండిని బీచ్ రోడ్డు మీద కైలాసగిరి వైపు ఒకసారి తిప్పి, అటునుంచి అటే షెడ్డుకు తీసుకెళ్లాను.

ఆయిల్ మార్పు పనిలో షెడ్డు మీద వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడే పాత ఆయిల్ దించారు, కొత్త 10డబ్ల్యు-30 గ్రేడు ఆయిల్ డబ్బా నా ఎదుటే సీలు తీశారు. వెనక చక్రం దగ్గరి గేర్ ఆయిల్ కూడా అడగకుండానే మార్చారు. నిలిపి ఉంచబోయే బండికి కొత్త ఆయిల్ దండగ, వచ్చాక మార్చుకోవచ్చు అనేవారున్నారు. నడిచిన ఆయిల్‌లో మండగా మిగిలిన ఆమ్లాలు, తేమ, మసి ఉంటాయి. ఆరు నెలలపాటు బేరింగులు ఆ కషాయంలో నానడం కంటే శుభ్రమైన ఆయిల్‌లో ఉండడమే మంచిది. తిరిగి వచ్చాక వెంటనే మళ్లీ మార్చవలసిన అవసరమూ నాకు కనబడలేదు.

స్పార్క్ ప్లగ్గు విప్పి, లోపల తుప్పు పట్టకుండా సిలిండరులో కొంచెం ఆయిల్ పోసే పని షెడ్డులో చేయిస్తే ఫలితం లేదు, ఇంటిదాకా నడుపుకొని వచ్చేసరికి ఆ ఆయిల్ కాస్తా కాలిపోతుంది. ఇది చెప్పగానే యజమాని ఒప్పుకుని, మరునాడు ఉదయం ప్లగ్గు స్పానరు పట్టుకుని స్వయంగా మా సెల్లార్‌కు వచ్చారు. రెండు చెంచాల ఇంజను ఆయిల్ పోసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి, ప్లగ్గు బిగించక ముందు కిక్ మెల్లగా ఐదారు సార్లు కొట్టి, సిలిండరు గోడలకు పొర పట్టేలా చేసి, అప్పుడు ప్లగ్గు బిగించారు. ప్లగ్గు ఉండగా కిక్ కొడితే, ఆయిల్ ఎక్కువ పడిన పక్షంలో పిస్టన్ దానికి తన్నుకుంటుందని ఆయనకు తెలుసు, నేను చెప్పవలసిన పని లేకపోయింది. ఇంటికి వచ్చినందుకు విడిగా డబ్బు అడగలేదు.

ఇక ఈ సేవలో జరిగిన తప్పు గురించి. అది ఒక్కటే, కాని దాని ఖరీదే ఎక్కువ. మన సర్వీసింగ్ షెడ్లన్నిటిలోనూ ఒక వరస ఉంది. పనులన్నీ అయ్యాక చివర వాటర్ సర్వీసింగ్ చేసి, తుడిచి, మెరుస్తున్న బండిని చేతికి ఇస్తారు. రోజూ తిరిగే బండికి ఆ వరస సరైనదే, ఎందుకంటే మరునాడు ఎండలో నాలుగు వీధులు తిరిగితే సందుల్లో నీరంతా ఆరిపోతుంది. ఆరు నెలలు కదలని బండికి ఆ వరస తలకిందులు కావాలి. ముందు కడగాలి, తరువాత కనీసం పది కిలోమీటర్లు నడిపి, బ్రేకులు వేస్తూ డ్రమ్ములు ఆరబెట్టాలి, ఆ తరువాతే తక్కిన పనులన్నీ. నేను రాసిచ్చిన కాగితంలో కడగడం అన్నిటికంటే పైన ఉంది. షెడ్డు కుర్రాడు మాత్రం అలవాటు ప్రకారం సాయంత్రం ఆరు గంటలకు ప్రెజర్ పంపుతో కడిగి, పైపైన గుడ్డతో తుడిచి, వీధి చివరనుంచి మా సెల్లార్ దాకా రెండు వందల గజాలు నడిపి, మెయిన్ స్టాండు వేసి వెళ్లాడు. అంతకంటే పెద్ద పొరపాటు, వెళ్తూ వెళ్తూ ఎడమ బ్రేకు లివరును నొక్కి పట్టి ఉంచే లాక్ క్లిప్పు కూడా నొక్కి వెళ్లాడు.

దీని ఫలితం నవంబరులో తెలిసింది. తడి డ్రమ్ముకు బ్రేకు షూలు అదుముకుని ఆరు నెలలు ఉండడం వల్ల ఆ రెండింటి మధ్యా తుప్పు పట్టి, వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లిప్పు వదిలినా తిరగలేదు. చివరకు చక్రం విప్పి, డ్రమ్మును ఎమరీ కాగితంతో రుద్ది, ఒక షూ లైనరు అంచున ఊడినందువల్ల జత మొత్తం మార్చవలసి వచ్చింది. ఇందులో నా పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. మరునాడు యజమాని వచ్చి ప్లగ్గు పని చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను, కవరు కప్పింది కూడా నేనే. ఇంజను వేగం అందుకున్నాక గాని క్లచ్చు పట్టుకోని ఈ బండ్లలో కిక్ కొడితే వెనక చక్రం తిరగదు కనుక, బ్రేకు పడి ఉన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. స్టాండు మీద ఉన్న చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి చూసి ఉంటే అక్కడికక్కడే బయటపడేది.

తుప్పు విషయంలో షెడ్డువారు మొదట ప్రతిపాదించింది అడుగు భాగమంతా డీజిల్ కలిపిన పాత ఆయిల్ స్ప్రే చేయడం. ఇది వద్దన్నాను. అది రబ్బరు బుష్షులను ఉబ్బించి మెత్తబరుస్తుంది, దుమ్మునంతటినీ పట్టి ఉంచుతుంది, పొరపాటున బ్రేకు డ్రమ్ములోకి చేరితే ఇంకా ప్రమాదం. చాలామంది ఇళ్లలో ఉండే డబ్ల్యుడి-40 కూడా ఈ పనికి సరిపోదు. దాని పేరులోనే ఉన్నట్టు అది ప్రధానంగా నీటిని తోసేసే ద్రవం, అది వదిలే పొర చాలా పలచన, ఉప్పుగాలిలో ఆరు నెలలు నిలిచేది కాదు. అందువల్ల స్టాండు స్ప్రింగు, నట్ల తలలు, సైలెన్సరు బిగించే బోల్టులు, కిక్ రాడ్డు కీలు వీటికి పలచగా గ్రీజు రాయించి, పెయింటు ఉన్న రేకు భాగాలకు నేనే మైనపు పాలిష్ పట్టించాను. గ్రీజు రాసిన చోట్లన్నీ నవంబరులో శుభ్రంగా ఉన్నాయి. మరిచిపోయిన చోట్లు రెండు, వెనక షాక్ అబ్సార్బరు కింది బోల్టు, నంబరు ప్లేటు స్క్రూలు. రెండూ ఎర్రగా తుప్పు పట్టాయి. చేసిన పనికీ చేయని పనికీ తేడా చూపించడానికే ఉంచినట్టున్నాయి.

ఎలుకల సంగతి షెడ్డు పని కాదు గాని, చెప్పక తప్పదు. సెల్లార్లలో నిలిచిపోయిన బండ్లకు ఉప్పుగాలి తరువాత అంత శత్రువు ఎలుకే. వైర్లు కొరుకుతుంది, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో గూడు పెడుతుంది. డిక్కీ ఖాళీ చేస్తే అందులో ఎప్పటిదో సింహాచలం ప్రసాదం పొట్లం, సగం తిన్న పల్లీల కవరు కనబడ్డాయి, ఎలుకకు అంతకంటే ఆహ్వానం ఏం కావాలి? ఫిల్టరు గొట్టం మూతిలో అంట్లు తోమే స్టీలు పీచు కుక్కాను. సైలెన్సరు చల్లారాక దాని మూతికి ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేశాను, లేకపోతే మట్టిగూళ్లు కట్టే కందిరీగలు ఆ గొట్టంలో కాపురం పెడతాయి. తీయవలసినవాటి పేర్లు రాసిన అట్టముక్కను హ్యాండిల్‌కు కట్టాను. ఈ అట్టముక్క లేకపోతే మిగతా జాగ్రత్తలే ప్రమాదం తెస్తాయి, మూతి కట్టిన సైలెన్సరుతో బండి స్టార్ట్ చేయబోయే మనిషి తప్పకుండా ఉంటాడు. గుడ్డలో మూటకట్టి పెట్టిన కలరా ఉండలు మాత్రం మన ఎండకు కొన్ని వారాల్లోనే కరిగి గాలిలో కలిసిపోయాయి. వాటికి ఎలుకలు భయపడతాయన్నది మన నమ్మకమే గాని, ఎలుకల నమ్మకం కాదనుకుంటాను.

ఇప్పుడు చార్జరు. ఈ మొత్తం ఖర్చులో నేను నిస్సంకోచంగా మెచ్చుకోగలిగినది ఇదొక్కటే. 1,290 రూపాయల ఈ చిన్న చార్జరు రెండు చక్రాల బండ్ల బ్యాటరీల కోసమే తయారైనది. స్కూటరు బ్యాటరీ సామర్థ్యం సుమారు మూడు నాలుగు ఆంపియర్-అవర్లు మాత్రమే, దానికి పదో వంతు కరెంటుతో మెల్లగా చార్జి చేయడం ఆరోగ్యం. కారు బ్యాటరీలకు వాడే పెద్ద చార్జరు తగిలిస్తే ఇలాంటి సీల్డ్ బ్యాటరీ వేడెక్కి లోపలి తడి ఆరిపోయి పనికిరాకుండా పోతుంది. కొన్న రోజునే మల్టీమీటరు పెట్టి చూశాను. నిండాక వోల్టేజీ 13.6 దగ్గర నిలబడింది, అది ఇలాంటి బ్యాటరీలను పట్టి ఉంచడానికి తగిన అంకె. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు, కొన్నింటికి మళ్లీ బటన్ నొక్కాలి. దోషాలు రెండే, క్లిప్పుల స్ప్రింగు బిగువు తక్కువ, వైరు గజం కంటే పొడవు లేదు.

అయితే తాళం వేసిన ఇంట్లో ఆరు నెలలపాటు ఏ చార్జరునూ ప్లగ్గులో వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేదు. ముందు నెగటివ్ తీగ, తరువాత పాజిటివ్ తీగ విప్పి, బ్యాటరీని బయటకు తీసి, సీతమ్మధారలో ఉన్న మా బావమరిదికి చార్జరుతో సహా అప్పగించాను. నెలకొక రాత్రి తగిలించమన్నాను, ప్రతి నెలా అమావాస్య గుర్తు పెట్టుకుని ఆయన ఆ పని చేశారు. సీసపు బ్యాటరీ ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా నెలనెలా కొంత చార్జి కోల్పోతూనే ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ ఆ నష్టం వేగం పెరుగుతుంది. చాలా రోజులు అలా దిగిపోయిన స్థితిలో ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆపైన ఎంత చార్జి చేసినా నిలవదు. వెళ్లేటప్పుడు నా బ్యాటరీ వోల్టేజీ 12.8, వచ్చాక 12.7. తిరుపతి ప్రాంతపు అమరరాజా వారి ఈ అమరాన్ బ్యాటరీకి అప్పటికే మూడేళ్లు నిండాయి, ఇంకా పని చేస్తోంది. కార్బొరేటర్ కాలంలో బ్యాటరీ చచ్చినా కిక్‌తో నెట్టుకొచ్చేవాళ్లం. పంపుకూ ఇంజెక్టరుకూ కూడా కరెంటు కావలసిన ఈ బండ్లలో ఆ భరోసా లేదు కాబట్టి, ఈ చార్జరు ధర నాకు ఎక్కువ అనిపించలేదు.

కవరు గురించి ఇంత మంచిగా చెప్పలేను. 480 రూపాయల వెండిరంగు పూత కవరు, నీరు లోపలికి రాదని దాని గొప్ప. నిజమే, నీరు రాదు. లోపలి తేమ బయటకు పోదు కూడా. సెల్లార్ నేలనుంచి లేచే చెమ్మ రాత్రివేళ కవరు లోపలి వైపు చుక్కలుగా చేరి బండి మీదే కురుస్తూ వచ్చింది. పూత పెచ్చులు లేచి సీటుకు అంటుకుని, కిరోసిన్ గుడ్డకూ వదలలేదు. సీటు కింద బూజు వచ్చింది. వాన నేరుగా పడని సెల్లార్‌లో ఇలాంటి కవరు కంటే పాత నూలు దుప్పటి ఎంతో మెరుగు, అది దుమ్మును ఆపుతుంది, గాలిని ఆడనిస్తుంది. ఆరుబయట ఉంచక తప్పనివారు గాలి రంధ్రాలున్న కవరు చూసుకోవాలి.

టైర్ల విషయంలో ముందు చక్రానికి 22, వెనక చక్రానికి 29 ఉండవలసిన గాలిని మరో రెండు మూడు పాయింట్లు ఎక్కువ కొట్టించి, మెయిన్ స్టాండు మీద వెనక చక్రం ఎలాగూ గాలిలోనే ఉంటుంది కనుక, ముందు భాగం కింద చెక్కదిమ్మ పెట్టించాను. వచ్చేసరికి ముందు చక్రంలో గాలి సగానికి తగ్గింది గాని, టైరు ఒకవైపు నొక్కుకుపోలేదు.

బండి ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముందు ఆలోచించవలసినది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, సెల్లార్లలోని బండ్లు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. మా సెల్లార్ ర్యాంపు కింద వాననీరు చేరే మూల ఒకటుంది. అక్కడినుంచి దూరంగా, మెట్ల పక్కన ఎత్తుగా ఉన్న గట్టు మీదకు ఎక్కించాము. అక్టోబరు 28న మోంథా తుపాను కాకినాడ వైపు తీరం దాటిన రోజుల్లో ఇక్కడా వాన దంచికొట్టింది, ఆ మూలలో నీరు నిలిచింది, గట్టు మీదకు రాలేదు. ఇన్సూరెన్సు కూడా ఇదే లెక్కలోది. బండి తిరగడం లేదు కదా అని సొంత నష్టానికి వర్తించే పాలసీని వదిలేసేవారు, వరద, దొంగతనం, అగ్నిప్రమాదం నిలిచి ఉన్న బండికీ ముప్పేనని మరిచిపోతారు. గడువు దాటి 90 రోజులు గడిస్తే అంతదాకా కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. నా పాలసీ ఆగస్టులో ముగిస్తే డాలస్‌నుంచే ఆన్‌లైన్‌లో కట్టాను. కాలుష్య పత్రం గడువు మాత్రం మధ్యలో అయిపోయింది, వచ్చాక బండి నడిచే స్థితికి రాగానే మొదట వెళ్లింది దానికే.

తిరిగి వచ్చిన రోజు అట్టముక్క చూసుకుంటూ స్టీలు పీచు, సంచి తీసి, బ్యాటరీకి ముందు పాజిటివ్, తరువాత నెగటివ్ బిగించి, తాళం ఆఫ్‌లో ఉంచి పది సార్లు కిక్ కొట్టి ఆయిల్ పైకి ఎక్కనిచ్చి, అప్పుడు సెల్ఫ్ నొక్కితే మూడో సారికి స్టార్టయింది. సిలిండరులోని ఆయిల్ కాలి రెండు నిమిషాలు తెల్లపొగ వచ్చి ఆగిపోయింది. ఇంజను శబ్దంలో తేడా లేదు. మూడో అంతస్తులో ఉండే ఒక మిత్రుడి పాత కార్బొరేటర్ స్కూటరు కూడా మా గట్టు పక్కనే దాదాపు అంతే కాలం ఏ ఏర్పాటూ లేకుండా నిలిచి ఉంది. దానికి కొత్త బ్యాటరీ, కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయించడం, ఎలుక కొరికిన టెయిల్ లైటు వైరు కలిపి రెండు వేల ఐదు వందల పైన అయింది.

నాకు షెడ్డులో అయినది ఆయిల్, గ్రీజు, కడగడం, కూలీ అన్నీ కలిపి 1,650 రూపాయలు. బ్రేకు షూల జత కొత్తది వేసినప్పుడు యజమాని ముందు నన్నే తప్పు పట్టబోయారు, కుర్రాడు క్లిప్పు నొక్కి వెళ్లిన సంగతి వాచ్‌మన్ చెప్పాక కూలీ తీసుకోలేదు, సామాను ధర మాత్రం తీసుకున్నారు. ఇది న్యాయంగానే ఉంది. షెడ్డు పనికి ఐదుకు మూడున్నర, చార్జరుకు నాలుగున్నర, కవరుకు ఒకటి ఇస్తాను. మళ్లీ అవసరమైతే అదే షెడ్డుకు వెళ్తాను గాని, కడగడం మాత్రం ముందు రోజు ఉదయమే వేరే చోట చేయించి, బండిని ఆరబెట్టి ఇస్తాను. వారు ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు, పండుగల ముందు వారం రద్దీ వల్ల ఇలాంటి నిదానమైన పనులు ఒప్పుకోరు కనుక, ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు ఇవ్వడం మంచిది. ప్లగ్గు విప్పి ఆయిల్ పోయడానికి ఇంటికి రమ్మని బండి ఇచ్చేటప్పుడే చెప్పి ఉంచాలి.